మార్షల్ ఇంటి ఆడపడుచులు

సావనీరుకి చరిత్ర మీద ఏదైనా రాయమని మన సంఘం కార్యదర్శి ఫోన్ చేసినప్పుడు, "నేను చరిత్రకారుణ్ణేం కాదు, సివిల్ దావాలు వేసుకుని బతికిన వకీలుని" అన్నాను. "మాస్టారి దగ్గర వంశవృక్షాలు గీసినవాడివేగా, ఆ సంగతే రాయి" అన్నాడు. ఆ మాటతో ఒప్పుకోక తప్పలేదు.

మన సోషల్ మాస్టారి తరగతిలో కూర్చున్నవాళ్లందరికీ ఆ నల్లబల్ల గుర్తుండే ఉంటుంది. ఏ రాజవంశం చెప్పినా బల్ల పైకొసన ఒక పేరు రాసి, కిందికి గీతలు లాగి, కొడుకుల పేర్లు, మనవళ్ల పేర్లు వరసగా దించేవారు. సంతానం లేకుండా పోయినవాడి పేరు కింద ఇంటూ మార్కు పెట్టి, "ఇక్కడితో సరి" అని సుద్దముక్క బల్ల మీద రెండుసార్లు కొట్టేవారు. ఆ చప్పుడు నా చెవుల్లో ఇంకా ఉంది. నలభై ఏళ్ల ప్రాక్టీసులో నేనూ అదే పని చేశాను. భాగపంపకాల దావా అంటే ప్లెయింటుకి వంశవృక్షం జతచెయ్యాలి. మూలపురుషుడు, అతని కొడుకులు, వాళ్ల కొడుకులు. సంతానం లేనివాడి దగ్గర గీత ఆపెయ్యడం. గీతలు సరిగా ఉంటే దావా సగం గెలిచినట్టే.

రిటైరయ్యాక మా అమ్మాయి దగ్గరికి బ్రిస్టల్ వెళ్లాను. అక్కడికి అరగంట దూరంలో వై అనే నది ఒడ్డున చెప్‌స్టో కోట ఉంది. నది ఇవతల ఇంగ్లండు, అవతల వేల్స్. ఆ కోటలో నన్ను నిలబెట్టేసినవి ఒక జత చెక్క తలుపులు. 1962 దాకా సింహద్వారానికే ఉండేవట, ఇప్పుడు ఎండావానా తగలకుండా లోపల పెట్టారు. చెక్కలోని వలయాలు లెక్కపెట్టి 1190ల నాటికే ఈ తలుపులు చేశారని తేల్చారు. ఐరోపాలో ఇంత పాత కోట తలుపులు ఇంకెక్కడా మిగల్లేదంటారు. అప్పటి కోట యజమాని పేరు విలియం మార్షల్. బయటికొస్తూ కొన్న చిన్న పుస్తకంలో అతని వంశవృక్షం ఉంది. విలియంకి ఐదుగురు కొడుకులు. ఐదుగురి కిందా అడ్డగీతలే. 1245తో వంశం సమాప్తం.

ఐదుగురు కొడుకులున్న ఇల్లు ఒక్క తరంలో నిర్వంశం కావడమా! వకీలు బుర్ర ఊరుకోలేదు. వీలునామా ఏమైంది, ఆస్తి ఎవరికి పోయింది అని తవ్వడం మొదలుపెట్టాను. ఆర్నెల్లు వీసా, అమ్మాయి ఇంటిదగ్గర లైబ్రరీ, బయట వాన. ఇంకేం కావాలి?

ముందుగా పేరు సంగతి. మార్షల్ అనేది ఆ రోజుల్లో ఇంటిపేరు కాదు, ఉద్యోగం పేరు. రాజుగారి గుర్రాలశాల బాధ్యత చూసే పని. మన దగ్గర కరణం, దేశ్‌ముఖ్ ఇంటిపేర్లయిపోయినట్టే వాళ్లకీ ఉద్యోగమే ఇంటిపేరుగా స్థిరపడింది. విలియం తండ్రి జాన్, తాత గిల్బర్ట్. ఈ జాన్ గట్టిపిండం. 1152లో రాజు స్టీఫెన్ న్యూబరీ దగ్గర అతని కోటని ముట్టడించి, మాట మీద నిలబడతాడన్న హామీగా చిన్న కొడుకు విలియంని తన దగ్గర పెట్టుకున్నాడు. జాన్ మాట తప్పాడు. పిల్లాణ్ణి ఉరి తీస్తానని రాజు బెదిరిస్తే, ఇంతకంటే మంచి కొడుకుల్ని తయారుచేసుకునే సుత్తీ దాగలీ తన దగ్గరున్నాయని కబురు పంపాడట. పిల్లాడికి అప్పుడు ఐదారేళ్లు. రాజుకే మనసొప్పక వదిలేశాడు.

ఈ కథలు మనకి దక్కిన తీరు ఇంకో కథ. విలియం చనిపోయాక అతని పెద్దకొడుకు తండ్రి జీవితాన్ని ఫ్రెంచి పద్యంలో రాయించాడు. 19 వేల పైచిలుకు పంక్తులు. ఆ కావ్యం ఉందన్న సంగతే లోకం మర్చిపోయింది. 1861లో లండన్‌లో సదబీస్ వేలంలో పాల్ మేయర్ అనే ఫ్రెంచి పండితుడి కంట అది పడింది. అంతలోనే ఫిలిప్స్ అనే పుస్తకాల పిచ్చాయన కొనేసుకున్నాడు. మేయర్ పట్టు వదలక, 1881లో గాని దాన్ని మళ్లీ చూడలేకపోయాడు. ఒక్క ప్రతి కోసం ఇరవై ఏళ్లు! ఆ ఒక్క ప్రతీ ఇప్పుడు న్యూయార్క్‌లో మోర్గాన్ లైబ్రరీలో ఉంది.

అయితే కొడుకు డబ్బిచ్చి రాయించిన కావ్యాన్ని సాక్ష్యంగా ఎంతవరకు తీసుకోవాలి? మన భట్రాజులు దాత పేరుని సూర్యచంద్రుల దాకా తీసుకెళ్లి కలిపినట్టే, ఇంగ్లండులోనూ ట్యూడర్ల కాలంలో కొత్తగా డబ్బు చేసినవాళ్లకి పాత ప్రభువులతో చుట్టరికం అంటగట్టి వంశవృక్షాలు రాసిచ్చినవాళ్లున్నారు. హొరేస్ రౌండ్ అనే చరిత్రకారుడు వంద సంవత్సరాల కిందట కూర్చుని అలాంటివి ఒక్కొక్కటే కొట్టిపారేశాడు. ఆల్‌థార్ప్ స్పెన్సర్లు మధ్యయుగపు డిస్పెన్సర్ల సంతతి అన్నది అతను కూల్చినవాటిలో ఒకటి. డయానా పుట్టిల్లు ఆ స్పెన్సర్లే. అంచేత కావ్యాన్ని పక్కన పెట్టుకుని రాజాస్థానపు రికార్డులతో సరిచూసుకోవాలి. రాజు నుంచి నేరుగా భూమి పొందినవాళ్లు ఎవరు చనిపోయినా, రాజుకి కట్టాల్సిందేమిటో తేల్చడానికి విచారణ జరిపి, చచ్చినవాడికి ఏ భూములున్నాయి, వారసులెవరు, వాళ్ల వయసెంత అని తోలు కాగితాల మీద రాసేవారు. మన తాసీల్దారు పంచనామా లాంటిదే. అవి ఏడు వందల ఏళ్లుగా భద్రంగా ఉన్నాయి. నేను చూసింది అచ్చుపుస్తకాల్లో వాటి సంక్షిప్తాలే. అయినా చదువుతుంటే మా జిల్లా కోర్టు రికార్డు రూములో కూర్చున్నట్టే ఉంది.

విలియం నాలుగో కొడుకు. సెంటు భూమి లేదు. కత్తియుద్ధం పోటీల్లో గెలిచి పేరు తెచ్చుకున్నాడు, రాజుల కొలువులో ఎదిగాడు. 1189లో, నలభై దాటాక, పెళ్లయింది. పెళ్లికూతురు ఇసబెల్ డి క్లేర్‌కి పదిహేడు పద్దెనిమిదేళ్లు. చెప్‌స్టో ఆమెది. వేల్స్‌లో పెంబ్రోక్ మీద హక్కు ఆమెది. ఐర్లండులో లెన్‌స్టర్ అనే రాజ్యమంత భూభాగం ఆమెది. తండ్రి రిచర్డ్, స్ట్రాంగ్‌బో అన్న పేరుతో ఐర్లండు చరిత్రలో ప్రసిద్ధుడు. తమ్ముడు చిన్నతనంలోనే పోతే అంతా ఇసబెల్‌కి వచ్చింది. స్ట్రాంగ్‌బోకి మాత్రం లెన్‌స్టర్ ఎలా వచ్చింది? అక్కడి రాజు కూతురు ఈఫాని చేసుకుంటే వచ్చింది. అంటే మార్షల్ వైభవమంతా తల్లి నుంచి కూతురికి, కూతురి నుంచి ఆమె మొగుడికి వచ్చిందే. ఈ సంగతి నాకు వెంటనే తట్టలేదు. నేను గీసుకున్న కాగితంలో పైకొసన విలియం పేరే పెద్దక్షరాల్లో ఉంది, ఇసబెల్ పక్కన చిన్నక్షరాల్లో ఉంది.

విలియం పెంబ్రోక్ ఎర్ల్ అయ్యాడు. 1215లో మాగ్నా కార్టా నాడు రాజు జాన్ పక్షాన ఉన్నాడు. మరుసటి ఏడు జాన్ చనిపోతే తొమ్మిదేళ్ల మూడో హెన్రీకి సంరక్షకుడై రాజ్యం నడిపాడు. డెబ్బై ఏళ్ల వయసులో 1217లో లింకన్ యుద్ధంలో గుర్రమెక్కి దూకాడు. 1219 మే 14న చనిపోయాడు. లండన్‌లో వకీళ్ల పేటలో టెంపుల్ చర్చి ఉంది. గాంధీగారు బారిస్టరైన ఇన్నర్ టెంపుల్ ఆ పక్కనే. చర్చి నేల మీద విలియం రాతిబొమ్మ పడుకుని ఉంది. 1941 బాంబుదాడిలో దెబ్బతిన్నా మొహం గుర్తుపట్టొచ్చు. అతని కొడుకులవని చెప్పే బొమ్మలూ దగ్గరే ఉన్నాయి. ఇసబెల్ అక్కడ లేదు. ఆమెని చెప్‌స్టోకి ఎగువన, టింటర్న్ మఠంలో పూడ్చారు.

ఇక కొడుకుల సంగతి. పెద్దవాడు విలియం, రాజు చెల్లెలు ఎలినార్‌ని చేసుకుని, పిల్లల్లేకుండా 1231లో పోయాడు. రెండోవాడు రిచర్డ్ రాజుకి ఎదురుతిరిగి 1234లో ఐర్లండులో గాయపడి చనిపోయాడు. మూడోవాడు గిల్బర్ట్‌ని చర్చి ఉద్యోగం కోసం పెంచారు. అన్నలు పోయాక ఎర్ల్ కావలసి వచ్చింది. తానూ యోధుణ్ణేనని చూపించుకోవాలని 1241లో పోటీలో దిగితే, కళ్లెం తెగి గుర్రం ఈడ్చుకుపోయింది. నాలుగోవాడు వాల్టర్ 1245 నవంబరులో గుడ్‌రిచ్ కోటలో, ఐదోవాడు ఆన్సెల్మ్ నెల తిరక్కుండా డిసెంబరులో చెప్‌స్టోలో పోయారు. రెండు కోటలూ ఒకే వై నది మీద ఉన్నాయి. ఆ నెలరోజుల్లో ఆ నది మీద కబురు ఎలా నడిచిందో!

దీనికి ఆ కాలపువాళ్లు శాపం అని సమాధానం చెప్పుకున్నారు. ఐర్లండులో ఫెర్న్స్ బిషప్పు భూములు రెండు పెద్ద మార్షల్ లాక్కున్నాడట. తండ్రి పోయాక వాటిని తిరిగివ్వమంటే కొడుకులు ఒప్పుకోలేదట. ఒక్క తరంలో మీ పేరు తుడిచిపెట్టుకుపోతుందని బిషప్పు శపించాడట. రాసినవాడు మాథ్యూ పారిస్ అనే సన్యాసి. కథ బాగుంది. కానీ మాస్టారు ఉంటే ఒకటే అడిగేవారు: "ఎప్పుడు రాశాడ్రా?" ఐదుగురూ పోయాక రాశాడు. జరిగిపోయినదానికి కారణం వెతుక్కుంటే శాపం దొరక్క ఏం చేస్తుంది?

అక్కడితో నా కాగితం కూడా పూర్తయింది. ఐదు ఇంటూ మార్కులు. అమ్మాయి కాఫీ తెచ్చిపెడుతూ వంగి చూసి, "ఇన్ని కోటలు, ఇంత భూమి ఎవరు తీసుకున్నారు నాన్నా మరి?" అంది. ఆర్నెల్ల కిందట నన్ను తవ్వకంలోకి దింపిన ప్రశ్న అదే. కొడుకుల చావుల్లో పడి దాన్నే మర్చిపోయాను.

తీసుకున్నది కూతుళ్లు. ఐదుగురు కొడుకులతోపాటు ఐదుగురు కూతుళ్లు కూడా ఉన్నారు: మాడ్, ఇసబెల్, సిబిల్, ఈవా, జోన్. కావ్యంలో వాళ్ల పేర్లూ, ఎవరెవరికిచ్చి చేశారో కూడా ఉంది. నేను చదివాను, దాటిపోయాను. సిబిల్‌ది నానమ్మ పేరు. ఈఫా అనే ఐరిష్ పేరుని లాటిన్‌లో ఈవా అని రాసేవారు, కాబట్టి ఈవాది అమ్మమ్మ పేరు. మన ఇళ్లలో పెట్టుకున్నట్టే.

ఇంగ్లండు చట్టంలో పెద్దకొడుకు ఉంటే అంతా అతనికే. కొడుకులు లేకపోతే మాత్రం కూతుళ్లందరికీ సమాన వాటా, కూతురు చనిపోతే ఆమె వాటా ఆమె పిల్లలకి. 1247లో లెన్‌స్టర్‌ని ఐదు ముక్కలు చేశారు. కార్లో మాడ్‌కి, కిల్‌కెన్నీ ఇసబెల్ కొడుక్కి, కిల్డేర్ సిబిల్ సంతానానికి, లీక్స్ ఈవా సంతానానికి, వెక్స్‌ఫర్డ్ జోన్ సంతానానికి. అప్పటికి అక్కచెల్లెళ్లలో మాడ్ ఒక్కతే బతికుంది. సిబిల్‌కి ఏడుగురు కూతుళ్లు. అంటే ఒక్కొక్కరికి మొత్తంలో 35వ వంతు. నా సర్వీసులో 48వ వంతు దాకా వాటాలు లెక్కగట్టిన దావాలున్నాయి కాబట్టి ఆ లెక్క చూసి ముచ్చటేసింది.

ఇలా కలిసి వాటా పొందిన అక్కచెల్లెళ్లని అక్కడి చట్టం ఏమంటుందో తెలుసా? కోపార్సెనర్లు అంటుంది. ఆ మాట చూసి పుస్తకం మూసేశాను. నలభై ఏళ్లు కోర్టులో నా నోట నలిగిన మాట అది. హిందూ ఉమ్మడి కుటుంబంలో పుట్టుకతో హక్కున్న మగవాళ్లని మనం కోపార్సెనర్లంటాం. ఇంగ్లండులో ముఖ్యంగా ఆడపిల్లల కోసం పుట్టిన మాటని, మన దేశంలో తెల్లదొరల కోర్టులు మగవాళ్లకి అంటించాయి! కూతుళ్లని అందులో చేర్చడానికి మన ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 దాకా ఆగాల్సి వచ్చింది, దేశమంతటా 2005 దాకా. ఆంధ్రప్రదేశ్ చట్టంలోనూ అప్పటికే పెళ్లయినవాళ్లకి హక్కు లేదు.

కాగితం మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి ఐదు గీతలు ఆగకుండా కిందికి పాకాయి. కానీ దారి తప్పించే పేర్లు బోలెడు. నడిపి కూతురు ఇసబెల్‌ని గిల్బర్ట్ డి క్లేర్‌కి ఇచ్చారు. ఆమె కూతురి పేరూ ఇసబెల్. అంటే అమ్మమ్మా, మనవరాలూ ఇద్దరూ ఇసబెల్ డి క్లేర్‌లే. నేను వారంపాటు ఇద్దర్నీ ఒకరే అనుకుని, పెళ్లి తేదీలు యాభై ఏళ్ల తేడా వస్తుంటే అచ్చుతప్పు అని విసుక్కున్నాను. ఆ మనవరాలిని స్కాట్లండులో బ్రూస్ ఇంటికి ఇచ్చారు. ఆమె మనవడే 1306లో స్కాట్లండుకి రాజైన రాబర్ట్ బ్రూస్. సాలెపురుగుని చూసి పట్టుదల నేర్చుకున్నాడని మనం పాఠంలో చదువుకున్నామే, అతనే.

ఈవా గీత ఇంకా చిత్రం. ఆమె మొగుడు విలియం డి బ్రోజ్‌ని 1230లో వేల్స్ ప్రభువు లెవెలిన్ తన భార్య గదిలో పట్టుకుని ఉరితీయించాడు. ఈవా కూతుళ్లలో ఒకామె మాడ్, పెద్దమ్మ పేరే, రోజర్ మోర్టిమర్ భార్య. 1265లో ఈవ్‌షామ్ యుద్ధంలో రాజుపై తిరగబడ్డ సైమన్ డి మాంట్‌ఫర్ట్ చనిపోతే, అతని తలని తెచ్చి ఈ మాడ్‌కి కానుకగా ఇచ్చారు. ఆ సైమన్ భార్య ఎవరనుకున్నారు? పెద్ద మేనమామ వితంతువు ఎలినారే! మాడ్‌కి అత్త. ఎలినార్‌కి మొదటి భర్త ఆస్తి నుంచి రావలసిన భరణం ఏడాదికి 400 పౌన్లకి కుదించారని, అన్యాయం జరిగిందని సైమన్ రాజుతో ఏళ్ల తరబడి గొడవపడ్డాడు. ఆ తిరుగుబాటు వెనక పెద్ద పెద్ద రాజ్యాంగ కారణాలున్నాయి, నిజమే. ఆడమనిషి మనోవర్తి తగాదా కూడా ఉందని చదివి నాకేం ఆశ్చర్యం కలగలేదు.

ఈ మాడ్ నుంచి మోర్టిమర్లు, వాళ్లలో చివరికి ఆన్ అనే ఆడపిల్ల, ఆమె కొడుకు రిచర్డ్, అతని కొడుకు 1461లో రాజైన నాలుగో ఎడ్వర్డ్. ఈవా నుంచి పదో తరం. ఎడ్వర్డ్ కూతురు ఎలిజబెత్ కొడుకు ఎనిమిదో హెన్రీ. ఆ ఎలిజబెత్ కూతురు మార్గరెట్ వంశమే ఇవాళ మూడో చార్లెస్ దాకా వచ్చింది. ఇంటూ మార్కు పెట్టి మూసేసిన ఇల్లిది!

పెద్దకూతురు మాడ్ గురించి చెప్పి ముగిస్తాను. అన్నదమ్ములందరూ పోయాక, 1246లో రాజు మార్షల్ పదవికి గుర్తయిన దండాన్ని ఆమెకే ఇచ్చాడు. తర్వాత అది ఆమె కొడుక్కి వెళ్లింది. ఆ వంశం ఆగాక పదవి రాజు చేతికి పోయి, చేతులు మారి, హవర్డ్‌లకి చేరింది. 2023 మే 6న చార్లెస్ పట్టాభిషేకం ఏర్పాట్లు చూసిన నార్‌ఫోక్ డ్యూక్ ఆ హోదాలోనే చూశాడు. పదవి వేరు, రక్తం వేరు. రెంటినీ ఒకే గీతలో కలపకూడదని కూడా అక్కడే నేర్చుకున్నాను. మాడ్ ఒక పత్రంలో తనని తాను ముందు ఇంగ్లండు మార్షల్‌నని, ఆ తర్వాతే ఇద్దరు భర్తల జమీల పేర్లూ చెప్పుకుంది. 1248లో పోయింది. మొదటి పెళ్లి కొడుకులు ముగ్గురూ, రెండో పెళ్లి కొడుకు ఒకడూ, నలుగురూ ఆమె పాడె మోసుకుని టింటర్న్ మఠంలోకి తీసుకెళ్లారు. ఇప్పుడక్కడ పైకప్పు లేని రాతి గోడలు నిలబడి ఉన్నాయి. ఆ గుడి కట్టించినవాడు మాడ్ మనవడు. అమ్మాయి, నేను అక్కడ ఓ పూట కూర్చున్నాం.

ఇంటికొచ్చాక బీరువాలోంచి మా పంపకాల దస్తావేజు తీశాను. 1983 నాటిది. నాన్న పోయిన ఏడు. జూనియర్ వకీలుగా నేనే డ్రాఫ్టు రాశాను. అన్నకి సగం, నాకు సగం. చివర్లో వంశవృక్షం: నాన్న, కింద ఇద్దరం. అక్క సంతకం కూడా ఉంది అందులో. సాక్షుల కింద, రెండో సాక్షిగా, బావ పేరు రాసి భార్య అని. రేపెప్పుడైనా పేచీ రాకుండా ఆడపడుచు చేత సాక్షి సంతకం పెట్టించడం మా వృత్తిలో మామూలే. నాన్న వాటాలో తనకీ భాగం ఉందని అప్పటి చట్టమే చెబుతోంది. నాకు తెలుసు. అక్క అడగలేదు, నేను చెప్పలేదు. ఆ రోజు అక్క కొంగుతో చెయ్యి తుడుచుకుని, ఎక్కడ పెట్టమంటావురా అని అడిగి సంతకం పెట్టి, వంటింట్లోకి వెళ్లిపోయింది.

కొత్త కాగితం మీద మా ఇంటి చెట్టు గీశాను. అక్క, ఆమె ఇద్దరు కూతుళ్లు, వాళ్ల పిల్లలు, అందర్నీ రాశాను. దస్తావేజు సంగతి కూడా ఉత్తరంలో దాచకుండా రాసి, నా వాటాలోంచి ఆమెకు రావలసిన భాగానికి కాగితాలు సిద్ధం చేస్తున్నానని చెప్పి రెండూ పోస్టులో పంపాను. వారం తర్వాత ఫోన్ చేసింది. భూమి మాట ఎత్తలేదు. "చెట్టు బాగుందిరా. అమ్మ పేరు పక్కన ఖాళీగా వదిలేశావేం? అమ్మకి అమ్మా నాన్నా లేరా?" అంది.

తాతయ్య పేరు తెలుసు. అమ్మమ్మ పుట్టింటి ఇంటిపేరు ఏమిటో నాకు తెలియదు. అక్కకీ గుర్తు లేదు. అన్నని అడిగితే కాసేపు ఆలోచించి, అప్పట్లో ఎవరూ చెప్పలేదన్నాడు. ఇంగ్లండులో ఎనిమిది వందల ఏళ్ల నాటి అమ్మమ్మల పేర్లు వరసగా చెప్పగలిగినవాణ్ణి మా అమ్మమ్మ దగ్గర ఆగిపోయాను. ఆమె పుట్టిల్లు మన బడికి ఎనిమిది కిలోమీటర్ల దూరంలో, కాలవగట్టు ఊరు. అక్కణ్ణుంచి సైకిళ్ల మీద వచ్చి మనతో చదివినవాళ్లు చాలామందే ఉన్నారు. స్వర్ణోత్సవం నాడు ఆ ఊరివాళ్లెవరైనా కనిపిస్తే, మీ ఇళ్లలో ఎనభై దాటిన పెద్దావిడ ఎవరైనా ఉంటే చెప్పండి. కాగితం, కలం జేబులో పెట్టుకునే వస్తాను.